గైమన్‌ను నిలబెట్టింది ఎవరు? పటగోనియా వెల్ష్ వలసపై చర్చ

కాలువగట్టు:

"దక్షిణ అమెరికాలో ఎవరి నేలా లాక్కోకుండా ఊరు కట్టుకున్నవాళ్ళు వెల్ష్ వాళ్ళే. బీడు భూమిని తమ చేతులతో తోట చేశారు" అని పోయిన వారం వలసల చరిత్ర చర్చలో ఒక సభ్యుడు రాశారు. అక్కడ దాని మీద మాట సాగలేదు కాబట్టి ఇక్కడ విడిగా మొదలుపెడుతున్నాను. రెండో వాక్యం నాకు మనస్ఫూర్తిగా సమ్మతమే. మొదటి వాక్యాన్ని మాత్రం అలా వదిలేయలేను.

గైమన్ గురించి తెలియనివాళ్ళకు నాలుగు ముక్కలు. అర్జెంటీనా దక్షిణాన, పటగోనియాలో, చుబూత్ నది ఒడ్డున ఉన్న చిన్న వ్యవసాయ పట్టణం అది. త్రెలెవ్ నగరానికి పడమరగా 17 కిలోమీటర్లు. 1865 మే నెలాఖర్లో లివర్‌పూల్‌లో మిమోసా అనే ఓడ ఎక్కిన దాదాపు 150 మంది వెల్ష్ జనం (బ్రిటన్‌లోని వేల్స్ వాళ్ళు) జులై 28న ఇప్పటి పుయెర్తో మాద్రిన్ దగ్గర దిగారు. తమ భాష, తమ చాపెల్ (ప్రార్థనా మందిరం), తమ పంచాయతీ తమకే ఉండే చోటు కావాలన్నది వాళ్ళ కోరిక. మైకేల్ డి. జోన్స్ అనే మతబోధకుడిది ఆ ఆలోచన. అర్జెంటీనా ఆంతరంగిక మంత్రి గియెర్మో రాసన్ భూమి ఇస్తామన్నాడు. దాని వెనక ప్రభుత్వం లెక్క ప్రభుత్వానిది: పటగోనియా మీద చిలీకి కూడా కన్ను ఉంది, అక్కడ తమ జెండా కింద జనం ఉండాలి.

వచ్చినవాళ్ళలో సేద్యం తెలిసినవాళ్ళు తక్కువ, గని పనివాళ్ళు, చేతివృత్తులవాళ్ళు ఎక్కువ. ఆ తెలిసిన కొద్దిమందికీ తెలిసింది వేల్స్ సేద్యం, వాన ఎప్పుడు తెరిపిస్తుందా అని చూసే సేద్యం. చుబూత్ లోయలో ఏడాది మొత్తానికి పడేది 200 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. మన అనంతపురంలో 550 దాకా పడుతుంది, దాన్నే మనం కరవు సీమ అంటాం. వీళ్ళు గడ్డి మొలిచిన చోట గోధుమ చల్లితే ఎండిపోయింది. గడ్డి కూడా లేని నల్లటి బోడి నేల అసలు దేనికీ పనికిరాదనుకున్నారు. 1867లో ఇక లాభం లేదని మూటాముల్లె సర్దుకుని సముద్రతీరానికి వెళ్ళిపోయారు. ఇంకొక్క ఏడాది చూడండని నచ్చజెపితే వెనక్కి వచ్చారు.

ఆ ఏడాదే ఏరన్ జెంకిన్స్ అనే ఆయన ఆ బోడి నేలలో గింజలు చల్లాడు. నది నిండుగా పారుతోంది, నీటి మట్టం పొలం కంటే కాస్త ఎత్తులో ఉంది. గట్టుకు గండి కొట్టి నీళ్ళు మళ్ళిస్తే సరి కదా అన్నది ఆయన భార్య రేచెల్ అని చెప్పుకుంటారు. పారతో పిల్ల కాలువ తీశారు. పైరు లేచింది. దేనికీ పనికిరాదనుకున్న నేలే అన్నిటికన్నా మంచి నేల అని తేలింది. చూస్తూ చూస్తూ తక్కినవాళ్ళూ పారలు పట్టారు. 1874లో గైమన్‌లో మొదటి ఇల్లు లేచింది. 1889లో పారిస్‌లోనూ 1893లో షికాగోలోనూ జరిగిన ప్రపంచ ప్రదర్శనల్లో ఈ లోయ గోధుమకు బహుమతులు వచ్చాయి.

నేననేది ఇంతే. గైమన్ మీద వెల్ష్ వాళ్ళ అసలు ముద్ర చాపెలూ కాదు, టీ దుకాణాలూ కాదు. కాలువ, ఆ కాలువను పదిమంది కలిసి నడుపుకున్న కట్టుబాటు. ఆ ఘనత వాళ్ళదే, అందులో ఎవరూ వాటా అడగలేరు. కానీ అంత ఘనత ఉంది కదా అని "ఎవరి నేలా కాదు" అని రాసుకోవడం న్యాయం కాదు. మీరేమంటారు?

తీరం (కార్డిఫ్):

కాలువగట్టు గారూ, నేను పద్నాలుగేళ్ళుగా వేల్స్‌లో నర్సుగా పనిచేస్తున్నాను. మా పిల్లలు బడిలో వెల్ష్ నేర్చుకుంటున్నారు, మిమోసా ఓడ కథ చెప్పుకుంటూ ఇంటికి వస్తారు. ఆ కథ ఇక్కడివాళ్ళకు ఎందుకంత ముఖ్యమో చెప్పాలి.

19వ శతాబ్దంలో ఇక్కడ చాలా బడుల్లో వెల్ష్ మాట్లాడిన పిల్లల మెడలో శిక్షగా చెక్కముక్క తగిలించేవాళ్ళు. 1847లో బ్రిటిష్ ప్రభుత్వం వేసిన విచారణ నివేదిక, వెల్ష్ జనం వెనకబాటుకూ నడవడికి కూడా వాళ్ళ భాషే కారణమన్నట్టు రాసింది. పొలాలు ఇంగ్లిష్ మాట్లాడే భూస్వాములవి, ఓటు ఎవరికి వేశావని అడిగి కౌలు రైతును వెళ్ళగొట్టే రోజులు. అలాంటి చోటు నుంచి వెళ్ళినవాళ్ళను, సైన్యాన్ని వెంటబెట్టుకుని వచ్చిన వలస పాలకులతో ఒక గాటన కట్టకండి.

ఆ నేల మూలవాసులైన తెహుయెల్చేలతో వాళ్ళ స్నేహం ఊరికే చెప్పుకునే మాట కాదు. 1866లో మొదటిసారి ఎదురుపడ్డారు. తెహుయెల్చే పెద్ద, ఫ్రాన్సిస్కో అనే ఆయన, భార్యతో సహా వచ్చి వెల్ష్ వాళ్ళ దగ్గరే గుడారం వేసుకున్నాడు. గుర్రం మీద నుంచి గ్వనాకోను (ఒంటె జాతి అడవి జంతువు) ఎలా వేటాడాలో, దారీతెన్నూ లేని మెట్టలో నీళ్ళు ఎక్కడ దొరుకుతాయో వీళ్ళకు నేర్పింది వాళ్ళే. రొట్టె ఇచ్చి మాంసం, తోళ్ళు, ఈకలు తీసుకునేవాళ్ళు. ఇరవై ఏళ్ళ పాటు ఒకరి మీద ఒకరు చెయ్యి ఎత్తకుండా బతికారంటే ఆ ఖండంలో అలాంటివి ఎన్ని ఉన్నాయి?

నల్లరేగడి:

తీరం గారూ, మీరు చెప్పినవన్నీ నిజాలే. కానీ మీరు చెప్పిన క్రమంలోనే జవాబు కూడా ఉంది. మొదటి రెండేళ్ళు పంట లేక అల్లాడుతున్నవాళ్ళకు వేట నేర్పి తిండి పెట్టింది ఎవరు? తెహుయెల్చేలు. అంటే ఆ కాలువ తవ్వే దాకా ప్రాణాలతో ఉంచింది వాళ్ళు. కాలువగట్టు గారు "అందులో ఎవరూ వాటా అడగలేరు" అన్నారు. నేను అడుగుతున్నాను.

ఇక నేల సంగతి. 1865 డిసెంబరులోనే, అంటే ఓడ దిగి ఐదు నెలలు తిరగకుండానే, ఆంతోనియో అనే తెహుయెల్చే పెద్ద వలస నాయకుడు లూయిస్ జోన్స్‌కు ఉత్తరం రాయించి పంపాడు. దాని సారాంశం: చుబూత్, రియో నీగ్రో నదుల మధ్య ఉన్న మైదానాలు మావి, మేం వాటిని అమ్మలేదు. మా తాతలు అమ్మింది బాయియా బ్లాంకా, పటగోనెస్ వైపు నేల, అంతకుమించి కాదు. మీరు వచ్చినందుకు అభ్యంతరం లేదు, బేరసారాలు చేసుకుందాం.

ఎంత మర్యాదగా రాశాడో చూడండి. అయినా హక్కు మాట మాత్రం మొదటే చెప్పాడు. అలాంటి కాగితం చేతికి అందాక "ఇది ఎవరి నేలా కాదు" అని ఎవరూ అనుకోవడానికి వీల్లేదు. వెల్ష్ వాళ్ళకు పట్టాలు ఇచ్చింది బ్యూనస్ ఎయిర్స్ ప్రభుత్వం. ఆ రోజుకు ఆ ప్రభుత్వానికి చుబూత్‌లో ఒక ఠాణా కూడా లేదు. తనది కాని నేలను రాసిచ్చింది. తీసుకున్నవాళ్ళు మంచివాళ్ళు కావచ్చు. ఇచ్చినవాడికి ఇచ్చే హక్కు ఎక్కడిది?

కాలువగట్టు:

నల్లరేగడి గారూ, నేల విషయంలో మీతో నాకు తగాదా లేదు. కానీ తిండి పెట్టి బతికించడం వేరు, నీటిని పొలానికి మళ్ళించి, దాన్ని తరాల తరబడి పంచుకోవడం వేరు. మొదటిది వాళ్ళ ఉపకారం. రెండోది వీళ్ళ పని. ఉపకారానికి రుణపడాలి, కానీ రెండిటినీ ఒకే ఖాతాలో రాయలేం.

ఓవర్సీర్ (రిటైర్డ్):

నీటిపారుదల శాఖలో జీవితమంతా గడిపినవాడిని. ఇలాంటి చోట నోరు మూసుకోలేను, మన్నించాలి.

రేచెల్ కథ అందరికీ నచ్చుతుంది. పారతో గండి, నీళ్ళు, పైరు. కానీ నది నిండుగా ఉన్నప్పుడు గండి కొట్టి నీళ్ళు పారించడం మొదటి ఏడాదికే పనికొస్తుంది. రెండో ఏడాది నది దిగువన పారితే? అప్పుడు ఏం చేస్తారు? వాళ్ళూ చేసింది అందరూ చేసేదే. నదికి అడ్డంగా కట్ట వేశారు. వరదకు కొట్టుకుపోయింది. మళ్ళీ వేశారు, మళ్ళీ పోయింది. చివరికి తెలుసుకున్నది ఏమిటంటే, కట్ట అక్కర్లేదు, నదిలో ఎగువకు వెళ్ళి, అక్కడ తల పెట్టి కాలువ తీసుకుంటే చాలు. నది వాలు కంటే కాలువ వాలు తక్కువ ఉంచితే కొన్ని మైళ్ళు వచ్చేసరికి కాలువ నీళ్ళు పొలం కంటే పైన ఉంటాయి. నదికి రెండు వైపులా అలా తీశారు. గైమన్‌కు పైన ఉన్న దోలవోన్ ఊళ్ళో కాలువ మీద ఇప్పటికీ నీటి చక్రాలు ఉన్నాయి, కాలువ కంటే ఎత్తున్న నేలకు నీళ్ళు ఎక్కించడానికి పెట్టినవి. పారుదల నీటికి అందని జానెడు నేల కూడా వదలలేదన్నమాట.

ఇది మామూలు విషయం కాదు. కాలువ తవ్వడం ఒక ఏడాది పని, దాన్ని నిలుపుకోవడం ఏటేటా పని. అక్కడ చలికాలంలో నీళ్ళు ఆపేస్తారు. అప్పుడు పూడిక తీయాలి, గట్లు సరిచూడాలి, తూములు బాగుచేయాలి. ఎగువన ఉన్న రైతు పూడిక తీయకపోతే దిగువ రైతుకు నీళ్ళు రావు. కాబట్టి ఇష్టమున్నా లేకపోయినా పక్కవాడితో లెక్క తేల్చుకుని బతకాలి. ఒకరికొకరు అప్పగించుకున్న పని అది. కాలువగట్టు గారు కట్టుబాటు అన్నది దీన్నే అనుకుంటాను, అక్కడిదాకా ఆయనతో ఏకీభవిస్తాను.

కానీ ఆ కాలువలే ఊరిని నిలబెట్టాయని నేననను. 1899 జులైలో వరద వచ్చి లోయ మొత్తం మునిగింది. మట్టి ఇటుకల ఇళ్ళు కరిగిపోయాయి, జనం పక్కనున్న గుట్టలెక్కి చలిలో పడుకున్నారు. 1901లో మళ్ళీ వరద. 1902లో విసిగిపోయిన రెండు వందల మందికి పైగా కెనడా వెళ్ళిపోయారు. కాలువ వాళ్ళను కాపాడలేకపోయింది. వరద భయం తీరింది ఎప్పుడు? ఎగువన ఫ్లోరెంతినో అమెగీనో ఆనకట్ట పూర్తయ్యాక, 1963లో. అది కట్టింది అర్జెంటీనా ప్రభుత్వం. దానికి ముందు, 1940లలో కాలువల యాజమాన్యమూ ప్రభుత్వమే తీసుకుంది. ఊరు నేటిదాకా మిగిలిందంటే అది వలసదారుల పార ఒక్కదానితో కాదు, పన్ను కట్టిన దేశం మొత్తంతో.

ఇంకో మాట. నీళ్ళు పెట్టడం తెలుసుకున్నారు కానీ మురుగు తీయడం ఆలస్యంగా తెలుసుకున్నారు. పల్లపు పొలాలు చౌడు పట్టాయి. గోధుమ తగ్గి పశువుల మేతకు వేసే లూసర్న్ గడ్డి పెరగడానికి ఇతర కారణాలతో పాటు ఇదీ ఒకటి, ఆ గడ్డి కాస్త చౌడును తట్టుకుంటుంది. ఈ సంగతి ఏ టీ దుకాణం గోడ మీదా రాయరు.

సింధనూరు క్యాంపు:

ఓవర్సీర్ మాస్టారు చౌడు మాట ఎత్తగానే మా ఊరు గుర్తొచ్చింది, ఆ ఒక్కటే చెప్పి తప్పుకుంటాను. మా తాతగారు 1950లలో తుంగభద్ర కాలువ నీళ్ళు వస్తున్నాయని గోదావరి జిల్లా నుంచి కర్ణాటకలోని సింధనూరు వచ్చి భూమి కొన్నారు. అలా వచ్చినవాళ్ళ ఊళ్ళను క్యాంపులంటారు. ఆ క్యాంపుల్లో పెరిగిన మేమంతా ఒక కథ విని పెరిగాం: ఇక్కడ ముళ్ళ కంపలు, మేం వచ్చి మాగాణి చేశాం. నిజమే, చేశారు. కానీ ఆ నేల అమ్మిన జొన్న రైతు తర్వాత ఏమయ్యాడో, ఏ పొలంలో కూలికి వెళ్ళాడో ఆ కథలో ఉండదు. మావాళ్ళు డబ్బిచ్చి కొన్నారు, ఎవరినీ తరమలేదు. అయినా కథ సగమే. నా చిన్నప్పుడు ఎవరైనా ఆ మిగతా సగం అడిగితే ఇంట్లో పెద్దవాళ్ళకు కోపం వచ్చేది. గైమన్ వాళ్ళ ముని మనవలకు కూడా అలాగే ఉంటుంది కాబోలు.

తీరం (కార్డిఫ్):

క్యాంపు తమ్ముడూ, కోపం గురించి నువ్వన్నది నిజం. ఇక్కడ కూడా ఆ కథను ముట్టుకుంటే నొచ్చుకుంటారు. కానీ వెల్ష్ వాళ్ళు ఆ మిగతా సగాన్ని పూర్తిగా దాచారనడం సరికాదు. వాళ్ళే రాసి పెట్టారు.

జాన్ డేనియల్ ఎవాన్స్ అని ఒకాయన. మూడేళ్ళ పిల్లాడిగా మిమోసాలో వచ్చాడు. తెహుయెల్చే పిల్లలతో ఆడి పెరిగాడు. 1880లలో అర్జెంటీనా సైన్యం పటగోనియా అంతా గాలించి మూలవాసులను పట్టుకుని శిబిరాల్లో పెట్టింది. ఉత్తరాన వాల్చెతా అనే చోట అలాంటి శిబిరం ఒకటి. దశాబ్దం చివర్లో ఎవాన్స్ ఆ దారిన వెళ్ళాడు. పొడవాటి ముళ్ళతీగ కంచె, లోపల వందల మంది, బయట కాపలా. ఆయన వెల్ష్ వాడని ఆనవాలు పట్టినవాళ్ళు కంచె దగ్గరకు వచ్చి సగం స్పానిష్, సగం వెల్ష్ కలిపి రొట్టె ముక్క అడిగారు. చుబూత్ రొట్టె బేరాలప్పుడు నేర్చుకున్న మాటలవి. వాళ్ళలో ఒకడు ఎవాన్స్ చిన్ననాటి స్నేహితుడు. ఆయన కంచె మీదుగా తిండి విసిరాడు. కాపలావాళ్ళకు డబ్బిచ్చి విడిపించుకుందామని మళ్ళీ వెళ్ళేసరికి ఆ స్నేహితుడు లేడు, చనిపోయాడు. ఇదంతా ఆయన తన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు. మనకు ఆ శిబిరం గురించి తెలియడానికి ముఖ్య సాక్ష్యాల్లో అదొకటి.

అంతకుముందు 1884లో ఇదే ఎవాన్స్ తోటి ముగ్గురిని మూలవాసి యోధులు చంపారు, తను మలకారా అనే గుర్రం పుణ్యాన లోయలోకి దూకి తప్పించుకున్నాడు. సైన్యానికి వేగులనుకున్నారు వాళ్ళను. స్నేహితులను పోగొట్టుకున్న మనిషి, నాలుగేళ్ళు తిరిగేసరికి కంచె అవతల ఉన్నవాళ్ళ కోసం ఏడ్చాడు. అలాంటివాళ్ళను వలస పాలకులంటే నా నోరు రాదు.

నల్లరేగడి:

తీరం గారూ, ఆ వాల్చెతా కథ చదివినప్పుడల్లా నాకు గొంతు పూడుకుపోతుంది. ఎవాన్స్ మంచితనాన్ని నేను శంకించను. కానీ ఆయన బతుకులోనే ఇంకో పేజీ ఉంది. 1885లో, అంటే సైన్యం పని పూర్తయిన ఏడాదే, చుబూత్ మొదటి గవర్నర్ ఫోంతానాతో కలిసి ఒక గుర్రపు దళం పడమటి ఆండీస్ కొండల దాకా నేల వెతుక్కుంటూ వెళ్ళింది. దళంలో ఎక్కువమంది వెల్ష్ వాళ్ళే, దారి తెలిసిన ఎవాన్స్ అందులో ముఖ్యుడు. అక్కడ దొరికిన పచ్చటి లోయలో తర్వాత వాళ్ళకు భూములు వచ్చాయి, త్రెవెలిన్ ఊరు లేచింది. ఏడాది ముందు దాకా ఆ నేల మీద తిరిగిన పెద్దల్లో ఒకడైన ఇనకాయాల్‌ను బందీగా తీసుకెళ్ళి లా ప్లాతా మ్యూజియంలో ఉంచారు. 1888లో అక్కడే చనిపోయాడు. చనిపోయాక ఎముకలు కూడా ప్రదర్శనకు పెట్టారు.

ఇద్దరూ ఒకే కాలం మనుషులు, ఒకే నేల మనుషులు. ఒకరికి లోయ, ఒకరికి మ్యూజియం. ఇందులో వెల్ష్ వాళ్ళ కత్తి లేదు, ఒప్పుకుంటాను. కత్తి వేసిన దారి వెంట వెళ్ళి భూమి తీసుకున్నారు, అదీ ఒప్పుకోవాలి. గైమన్ సంగతి చూసినా, 1886లో రైలు దారి పని మొదలైంది, వెస్తా ఓడలో 465 మంది కొత్తవాళ్ళు దిగారు. అంతకుముందు ఏటా లోయకు వచ్చి గుడారాలు వేసే తెహుయెల్చేలు ఆ తర్వాత ఏరి?

తీరం (కార్డిఫ్):

ప్రభుత్వంతో వాళ్ళకూ పడలేదండీ. ఆదివారం పూట మగవాళ్ళంతా కవాతుకు రావాలని 1890లలో గవర్నర్ హుకుం జారీ చేస్తే, ఆదివారం మాకు దేవుడి రోజు అని ఎదురు తిరిగారు. బ్రిటన్ జోక్యం చేసుకోవాలని కొందరు లండన్ దాకా వెళ్ళారు. బడుల్లో స్పానిష్ మాత్రమే ఉండాలన్నారు, ఏ భాష కోసం సముద్రాలు దాటారో ఆ భాష అక్కడా ఇంట్లోకీ చాపెల్లోకీ ముడుచుకుంది. గైమన్‌లో 1906లో పెట్టుకున్న ఉన్నత పాఠశాల 1950లో మూతపడింది, మళ్ళీ 1963లో గానీ తెరవలేదు. దెబ్బ తిన్నవాళ్ళు కూడా వీళ్ళే.

దక్షిణం దారి:

బ్యూనస్ ఎయిర్స్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం నాది. పోయిన వేసవిలో, అంటే ఇక్కడి జనవరిలో, గైమన్ వెళ్ళొచ్చాను. మీ చర్చ చదువుతుంటే చెప్పాలనిపించింది.

బస్సు దిగగానే కనబడేవి టీ దుకాణాలు. లేసు అల్లిన బల్లగుడ్డలు, ఊలు తొడుగు వేసిన టీ కుండ, ఎండు ద్రాక్ష వేసిన నల్లటి కేకు. 1995లో బ్రిటన్ యువరాణి డయానా వచ్చి టీ తాగిన దుకాణం ఇప్పటికీ పెద్ద ఆకర్షణ. బాగుంటుంది, నేనూ రెండు ముక్కలు ఎక్కువే తిన్నాను. కానీ నాకు కాలువ చూడాలని ఉండి, ఊరి వెనక్కి నడిచాను. పోప్లార్ చెట్ల వరసలు, వాటి కింద కాలువ, అవతల పొలం. పొలంలో నడుం వంచి ఉల్లి నారు కలుపు తీస్తున్న కుటుంబం బొలీవియా నుంచి వచ్చింది. భర్త, భార్య, ఆమె తమ్ముడు. భర్త పారతో పిల్ల కాలువ మళ్ళిస్తున్నాడు: ఒక సాలు నిండగానే మట్టి కొట్టి మూసి, పక్క సాలు తెరవడం. మా నాన్న మిరపకు నీళ్ళు పెట్టేటప్పుడు ఎలా చేసేవాడో అచ్చం అలాగే. పొలం వాళ్ళది కాదు, పాలుకు చేస్తున్నారు. త్రెలెవ్ మార్కెట్‌కు వెళ్ళే ఆకుకూరలు, ఉల్లి, టమాటా ఈ లోయలో చాలా వరకు బొలీవియా వాళ్ళ చేతుల మీదే పండుతున్నాయని నాతో మాట్లాడిన ప్రతి ఒక్కరూ చెప్పారు. 1980ల నుంచి ఎక్కువగా వస్తున్నారట.

టీ దుకాణంలో ఉన్న ఫొటోల్లో ఓడ ఉంది, చాపెల్ ఉంది, గోధుమ బస్తాలు ఉన్నాయి. ఈ కుటుంబం లాంటివాళ్ళు ఒక్క ఫొటోలోనూ లేరు.

సింధనూరు క్యాంపు:

దక్షిణం దారి అన్నా, ఇది చదివాక నా మనసులో చర్చ మారిపోయింది. మనం 1865 దగ్గరే ఆగిపోయాం.

కాలువగట్టు:

నేను చర్చ మొదలుపెట్టినప్పుడు చెప్పాలనుకున్నది దక్షిణం దారి గారు నాకంటే బాగా చూపించారు. కాస్త వివరంగా రాస్తాను, ఓపిక పట్టండి.

ఓవర్సీర్ గారు ఆనకట్ట ప్రభుత్వానిదన్నారు. నిజమే. కానీ 1963లో ఆనకట్ట కట్టడానికి అక్కడ కాపాడుకోవాల్సిన ఆయకట్టు అంటూ ఉంది కదా. ఎవరూ లేని లోయలో ఎవరూ ఆనకట్ట కట్టరు. 1899 వరద తర్వాత వెళ్ళిపోయినవాళ్ళు రెండు వందల చిల్లర. మిగిలిన వేల మంది కాలువలు మళ్ళీ తవ్వుకున్నారు. అదీ ఊరు నిలబడిన రోజు.

ఇంకో సంగతి ఎవరూ ఎత్తలేదు. 1885లో ఈ రైతులు ఒక వ్యాపార సహకార సంస్థ పెట్టుకున్నారు, చుబూత్ మెర్కాంతీల్ కంపెనీ. గోధుమ కొనే వర్తకులు అడ్డగోలు ధర కట్టి, సరుకు అమ్మేటప్పుడు అడ్డగోలు ధర వేస్తుంటే, మన గోధుమ మనమే అమ్ముకుందాం, మన సరుకు మనమే తెచ్చుకుందాం అనుకున్నారు. గైమన్‌తో సహా చుబూత్ అంతటా దాని కొట్లు నడిచాయి. అప్పు అక్కడే, విత్తనం అక్కడే, నాగలి అక్కడే. 1930ల మాంద్యం దాకా నిలబడింది. అది కూలినప్పుడు ఎన్నో కుటుంబాల పొదుపు పోయింది, భూములు చేతులు మారాయి. కాలువ, కొట్టు, ఈ రెండూ గైమన్‌ను గైమన్ చేశాయి. అక్కడికి వలస వచ్చిన స్పెయిన్ వాళ్ళు, ఇటలీ వాళ్ళు కూడా ఆ నీటి వంతుల్లోకే వచ్చి చేరారు. నేను చాపెల్ కంటే కాలువకు పెద్దపీట వేసేది ఇందుకే. చాపెల్లోకి రావాలంటే ఆ భాష, ఆ నమ్మకం ఉండాలి. కాలువలోకి రావాలంటే పొలం ఉంటే చాలు.

సరిగ్గా అక్కడే చిక్కు కూడా ఉంది. పొలం ఉంటేనే. తెహుయెల్చేలకు ఆ లోయలో పొలం ఇవ్వలేదు. వాళ్ళు వలస తిరిగే జనం, పొలం అడగలేదు అంటారు. ఆంతోనియో ఉత్తరం చూశాక ఆ మాట చెల్లదు, వాళ్ళు బేరానికి సిద్ధంగా ఉన్నారు. మనిషి మంచితనంతో ఇరవై ఏళ్ళ శాంతి వచ్చింది. కానీ ఆ శాంతిలో నేల మీద ఒక్క కాగితం కూడా తెహుయెల్చే పేరున పుట్టలేదు. సైన్యం వచ్చిన రోజున వెల్ష్ వాడి చేతిలో పట్టా ఉంది, తెహుయెల్చే చేతిలో రొట్టె ఉంది. తీరం గారూ, నేను ఎవాన్స్‌ను తప్పుపట్టడం లేదు. కంచె మీదుగా ఆయన విసరగలిగింది రొట్టె మాత్రమే ఎందుకయిందో చూడమంటున్నాను.

ఇప్పుడు బొలీవియా కుటుంబం సంగతి. సాలు తెరవడం, సాలు మూయడం, 1867లో మొదలైన పనిని ఇవాళ చేస్తున్నవాళ్ళు వాళ్ళు. చౌడు నేలను ఎరువేసి, ఆకుకూర వేసి మళ్ళీ లేపుతున్నదీ వాళ్ళే. పాలుకు చేసేవాడికి పొలం మీద పత్రం లేదు. ఊరి చరిత్రలో వాళ్ళకు చోటు ఇవ్వాలంటే ఫొటో పెడితే సరిపోదు. నీటి వంతులో, నీటి సంఘంలో, పొలం కొనుక్కునే అప్పులో చోటు ఇవ్వాలి. వెల్ష్ పూర్వీకుల మీద అభిమానం ఉన్న గైమన్ మనిషి చేయదగిన పని నాకు తెలిసి అదే. ఎందుకంటే ఆ పూర్వీకుల్లో చాలామంది వేల్స్ వదిలింది కూడా సొంత నేల లేనివాళ్ళుగానే.

నల్లరేగడి:

ఒప్పుకుంటాను, ఒక్క షరతుతో. బొలీవియా వాళ్ళకు చోటిస్తే 1865 లెక్క సరిపోయిందనుకోకూడదు. వాల్చెతా నుంచి బయటపడ్డవాళ్ళ సంతతి చుబూత్‌లో ఇంకా ఉంది, మెట్టల్లో గొర్రెలు మేపుకునే చిన్న సమూహాలుగా. భూమి పత్రాల కోసం ఇవాళ్టికీ కోర్టుల చుట్టూ తిరుగుతున్నారు. అర్జెంటీనా 1994లో రాజ్యాంగం సవరించి మూలవాసుల భూమి హక్కును గుర్తించింది. ఆ హక్కు ప్రకారం వాళ్ళు అడుగుతున్నది ఎండిన మెట్ట, నీరు పారే లోయ కాదు. అది కూడా అందరికీ అందలేదు.

ఓవర్సీర్ (రిటైర్డ్):

కాలువగట్టు గారూ, ఆయకట్టు ముందు, ఆనకట్ట తర్వాత అన్నారు. సరే, ఆ మాట బాగుంది. కానీ పాలుకు చేసేవాడికి నీటి వంతు ఇవ్వాలనేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి. గైమన్ పొలాలకు వచ్చే నదే త్రెలెవ్, రాసన్, మాద్రిన్ నగరాలకు తాగునీరు. ఆనకట్ట వెనక నీళ్ళు తగ్గిన ఏడాది ముందు తాగునీటికి తీస్తారు, మిగిలింది కాలువలకు. కోత పడితే కాలువ చివరి పొలానికి ముందు పడుతుంది. ఏ ఆయకట్టులోనైనా కాలువ చివరి పొలాలనే తక్కువ కౌలుకు ఇస్తారు, నా ఉద్యోగమంతా చూసింది అదే. కాబట్టి సంఘంలో ఓటు ఇవ్వడం కంటే ముందు, కోత పడినప్పుడు తల నుంచి చివరి దాకా అందరికీ ఒకే నిష్పత్తిలో పడాలన్న నియమం రాయించాలి. నేనైతే అక్కడ మొదలుపెడతాను.